ప్రమాణ విచారము

ఇది నీకెట్లు తెలిసినదని యడుగుటను మన దర్శనకర్తలు దోషముగా నెంచలేదు. చార్వాకులు ప్రత్యక్ష మొక్కటియే ప్రమాణమనిరి. వైశేషికులు దానికి అనుమానమును, సాంఖ్యులు ఆప్తవాక్యమును, నైయాయికులు ఉపమానమును జేర్చిరి. ప్రాభాకర మీమాంసకులు అర్థాపత్తితో నైదింటిని, భాట్టులును అద్వైతులును అనుపలబ్ధితో నాఱింటిని గ్రహించిరి. పగలు భుజింపని దేవదత్తుఁడు బలిసియుండుటచే రాత్రి భుజించుచున్నాఁడని నిశ్చయించుట అర్థాపత్తి. నేలపైఁ గుండ కానరామిచే నది లేదని యెఱుఁగుట అనుపలబ్ధి.

17వ శతాబ్దమున ఆంధ్రుఁడగు అన్నంభట్టు తన తర్కసంగ్రహమునఁ బ్రమాణములు నాలుగే యని బాలురకు బోధించెను. అందు శబ్దమనఁగా ఆప్తుని వాక్యము. ఆప్తుఁడనఁగా యథార్థమును బలుకువాఁడు. ఆ లక్షణమున వయస్సుగాని కులముగాని చెప్పఁబడలేదు. కావునఁ బెద్దలు చెప్పిరను మాటతోనే విచారమును మానుట పెద్దల మార్గమును విడుచుటయే యని మేము తలఁచుచున్నాము.