ఆకుకూర తిన్నా రేచీకటి ఎందుకొచ్చింది?

మా తమ్ముడికి నాలుగేళ్లు. దసరా సెలవులకి ఇంటికెళ్తే, దీపాలు పెట్టే వేళకి వాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. కంచంలో ముద్ద కూడా తడుముకుంటున్నాడు. నాయనమ్మ దిష్టి అంది. నాకు సైన్సు పాఠంలోని రేచీకటి గుర్తొచ్చింది.

మన కంటి వెనక పొరలో దండాలు అనే కణాలుంటాయి. మసక వెలుతురులో చూసేది ఇవే. వీటిలోని రొడాప్సిన్ అనే పదార్థం తయారవ్వాలంటే విటమిన్ ఏ కావాలి. లోపం ముదిరితే తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలొస్తాయి. తర్వాత నల్లగుడ్డు మెత్తబడి చూపే పోతుంది.

మరి మా ఇంట్లో దాదాపు రోజూ ఆకుకూరే గదా! సెలవులయ్యాక మేడంని అడిగాను. "కూరలో నూనె ఎంత వేస్తారు?" అన్నారు. మేం వెయ్యం. ఉప్పు, కారం వేసి ఉడకబెడతాం. నూనె కొనాలి గదా.

అక్కడే ఉంది సంగతి. ఏ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులోనే కరుగుతాయి. ఆకుకూరలోని కెరోటిన్‌ని మన శరీరం విటమిన్ ఏ గా మార్చుకుంటుంది. అది పేగుల్లోంచి ఒంట్లోకి చేరాలంటే భోజనంలో కొంచెం కొవ్వుండాలి. కేరట్ కోరు వేడి నూనెలో వేస్తే నూనె నారింజ రంగుకి తిరుగుతుంది, చూడండి. పైగా తమ్ముడికి వేసవిలో తట్టు పోసింది. తట్టు వల్ల కూడా ఒంట్లో విటమిన్ ఏ తగ్గిపోతుంది.

మన నూజివీడు వైపు మామిడిపండులోనూ కెరోటిన్ ఉంది. అన్నం తిన్నాక తింటే మంచిది. (పండ్లొచ్చేసరికి మనకి సెలవులు, మనం తినేది పచ్చికాయలే!) గుడ్డులో పచ్చసొన పారేసేవాళ్లూ వినండి, ఏ, డి రెండూ అందులోనే ఉన్నాయి. డి లేకపోతే పిల్లలకి ఎముకలు వంకరపోతాయి. ఎండ తగిలితే చర్మంలో కూడా డి తయారవుతుంది. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టడానికి కె కావాలి.

1970లో మన దేశంలో చిన్నపిల్లలకి ఆరు నెలలకోసారి విటమిన్ ఏ తాగించే పథకం మొదలైంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలే దానికి ఆధారం. ఇప్పుడు తొమ్మిదో నెలలో 1 లక్ష యూనిట్లు, తర్వాత అయిదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి 2 లక్షలు ఇస్తారు. ఎక్కువ నాళ్లు ఎలా పనిచేస్తుందంటే, కాలేయం దాన్ని దాచుకుంటుంది. అందుకే మంచిదని ఎక్కువ తాగించకూడదు, నీళ్లలో కరిగే విటమిన్లలాగా మూత్రంలో పోదు.

మా తమ్ముడికి ఆ డోసులు తప్పిపోయాయి. అమ్మ, నేను ఆస్పత్రికి తీసుకెళ్లి మందు తాగించాం. మూడు రోజులకే సందెవేళ కోడిపిల్లల వెనక పరిగెత్తాడు! మళ్లీ రెండు వారాలకి ఇంకో డోసు వేశారు. తర్వాతది ఏప్రిల్‌లో. అప్పటికి నాకు సెలవులు, నేనే తీసుకెళ్తాను.