మిషను సరే, కాయితం కోసినవా?

ఏం చెల్లె, మిషను కొన్నవంట! మంచిగైంది. ఇగ బతుకమ్మ పండుగొస్తే మన ఏర్గట్లల ఇంటింటికీ రైకలే. ఒక్కటి అడుగుత, ఆది రైక లేకుండ కటింగ్ వస్తదా నీకు?

మనమందరం ఆది మీదనే పడ్డం. అదేమో ఉతికి ఉతికి సాగుతది. బట్ట మీద దాన్నే పరిచి కోస్తే, దాని వంకరలన్ని కొత్త రైకకొస్తయి. కొలతలు తీస్కొని ముందుగాల కాయితం మీద గీస్కో, కాయితాన్నే కోస్కో. కాయితం ఖరాబైతే పాయె, పట్టు బట్ట ఖరాబైతే ఎవలిస్తరు?

నాకు రాదనకు. తునికాకు మీద రేకుముక్క పెట్టి కోసుడు మన దిక్కు బీడీలు చేసే ఆడోళ్లకు కొత్తనా? గిది గూడ గంతే.

టేపు 60 ఇంచులది, సాగనిది తీస్కో. కొనేటప్పుడే స్టీలు స్కేలు పక్కకు పెట్టి చూడు. ఎల్ స్కేలు మీద నాలుగో వంతు గుర్తులుంటయి, 36 ఛాతికి 9 అని అదే చెప్తది. లూజు, లోపలి కుట్టు నువ్వు కలుపుకోవాలె.

అసలు పని సంక కాడుంటది. ముందు సంక వెనుకదాని కన్న కొంచెం లోతుండాలె, లేకుంటె ముడతలే. ఆ గుండ్రం ఉత్త చేత్తోని గీస్తే ఒక్కోపారి ఒక్కో తీరు వస్తది. అందుకే ఫ్రెంచ్ కర్వు అనే వంపు స్కేలు కావాలె. మన ఊరు 2016ల మండలమైంది గని, గీ వస్తువు ఈడ దొరకకపోతే ఆర్మూరో మెట్‌పల్లో పోయినప్పుడు చూస్కో. గీసినంక టేపును పండవెట్టకు, అంచు మీద నిలవెట్టి గుండ్రం ఎంబడి కొలువు. చెయ్యి ముక్క పైగుండ్రం గూడ గట్లనే కొలిచి, రెండు సరిపోయినంకనే కత్తెర పట్టు.

గుర్తులు దించే పండ్ల చక్రం (ట్రేసింగ్ వీల్) లేకున్నా నడుస్తది, డాట్ల కాడ గుండుసూదితోని పొడిస్తే చాలు. కత్తెరలు మాత్రం రెండుండాలె. కాయితం కోస్తే బట్ట కత్తెర మొద్దువారుతది. దుబాయి నుంచొచ్చిన కార్టన్ విప్పనీకి మీ ఆయన అడిగినా ఇయ్యకు! చాక్ సుద్దదే తీస్కో, మైనపుదైతే ఇస్త్రీ పెట్టంగనే పట్టు మీద మరక పడ్తది.

కోసిన కాయితం మీద పేరు, తారీఖు, బట్ట మడత ఏ దిక్కో రాసిపెట్టు. మడతవెట్టకు, బొక్క చేసి గోడ మొలకు తగిలియ్యి. మీ వదినెదీ నీదీ ఛాతి 36యే అయినా కాయితాలు కలుపకు, ఆమె భుజం వేరు, నీ భుజం వేరు.