ఎంత ఎత్తుంటే అంత మంచు

ఆల్ప్స్ పర్వతాలలో స్కీయింగ్‌కు ఊరిని ఎంచుకునేవారు హోటళ్ల సొగసు కన్నా ముందు ఎత్తు చూడాలి. ఎందుకంటే పైకి పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. పైకి లేచిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. సగటున కిలోమీటరుకు 6.5 సెంటీగ్రేడు డిగ్రీలు తగ్గుతుంది.

స్విట్జర్లాండులోని జెర్మాట్ గ్రామం సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. రోప్‌వే ఎక్కితే సుమారు 3,800 మీటర్లకు చేరవచ్చు. ఉష్ణోగ్రతలో తేడా ఎంతో మీరే కట్టి చూడండి: 14 డిగ్రీలకు పైనే! అందుకే కింద పచ్చగడ్డి పెరిగే వేసవిలో కూడా పైన హిమానీనదం మీద స్కీయింగ్ సాగుతుంది. అయినా 2022 వేసవిలో మంచు విపరీతంగా కరగడంతో అక్కడ కూడా కొన్నాళ్లు ఆపవలసి వచ్చింది. మరి తక్కువ ఎత్తు ఊళ్ల సంగతి చెప్పాలా?

అన్నట్టు, తాజా మంచు అతినీలలోహిత కిరణాలలో 80 శాతం దాకా పరావర్తనం చేయగలదు. అక్కడ నల్లకళ్లద్దాలు షోకు కోసం కాదు.