చేతి గడియారం: వెల, విలువ

ఏ వస్తువును కొలవడానికైనా మానవుని వద్ద రెండు కొలమానాలు కలవు. ఒకటి వెల, రెండవది విలువ. వెలను అంగడి నిర్ణయిస్తుంది. విలువను వివేకం నిర్ణయించాలి. ఈ రెండూ దగ్గరగా ఉన్నంతకాలం కొనేవానికి చిక్కు లేదు. అవి ఒకదానికొకటి దూరమైనప్పుడే ఆలోచన అవసరమవుతుంది. స్విట్జర్లాండు దేశంలో తయారయ్యే ఖరీదైన యాంత్రిక గడియారాల విషయంలో ఈ దూరం నేడు ఎంతగానో పెరిగిపోయింది. కొన్ని వందల రూపాయల వాచీ చూపే కాలాన్నే లక్షల రూపాయల వాచీ కూడా చూపుతుంది. పైగా అంత ఖచ్చితంగా చూపదు. అయినప్పటికీ దాని ధర ఏటేటా పెరుగుతూనే ఉన్నది. ఈ పెరుగుదల న్యాయమైనదేనా అనే ప్రశ్నను అర్థశాస్త్ర దృష్టితోను, విజ్ఞానశాస్త్ర దృష్టితోను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రశ్న కొత్తది కాదు. అర్థశాస్త్ర పితామహుడుగా పేరుగాంచిన ఆడమ్ స్మిత్ 1759లో ప్రకటించిన నీతిశాస్త్ర గ్రంథంలో గడియారాన్నే ఉదాహరణగా తీసుకొన్నాడు. రోజుకు రెండు నిమిషాలు వెనుకబడే గడియారాన్ని ఒకడు కొద్దిపాటి ధరకు అమ్మివేసి, పక్షం రోజులకు ఒక్క నిమిషమైనా తప్పని మరొకదానిని ఎన్నో రెట్లు పోసి కొంటాడు. కాని అట్టివాడు ఇతరులకంటె వేళకు వచ్చేవాడు కానక్కరలేదని స్మిత్ గమనించాడు. అతనిని ఆకర్షించినది కాలం కాదు, కాలాన్ని చూపే యంత్రం. ఈ సూక్ష్మమైన పరిశీలన నేటికీ మనకు మార్గదర్శకమే.

యంత్ర స్వరూపం

యాంత్రిక గడియారానికి ప్రాణం చుట్టగా చుట్టిన ఒక లోహపు పట్టీ. దీనిని మెయిన్‌స్ప్రింగు అంటారు. మనం కీ ఇచ్చినప్పుడు ఈ పట్టీ బిగుసుకొని శక్తిని నిలువ చేసుకొంటుంది. ఆటోమేటిక్ వాచీలలో మన చేతి కదలికకు తిరిగే చిన్న బరువు ఈ పని చేస్తుంది. బిగిసిన పట్టీ విప్పుకొంటూ పళ్ళచక్రాలను తిప్పుతుంది. దానిని అట్లే వదిలివేస్తే క్షణాలలో విప్పుకొని నిలిచిపోతుంది. అట్లు జరగకుండా ఎస్కేప్‌మెంటు అనే భాగం చక్రాన్ని ఒక్కొక్క పన్నుగా విడుస్తుంది. దానికి లయ నేర్పేది బ్యాలెన్సు చక్రం. వెంట్రుకవంటి సన్నని హెయిర్‌స్ప్రింగు ఆధారంగా ఇది ఇటూ అటూ ఊగుతుంది. మనం వినే టిక్కు టిక్కు శబ్దం ఈ నిర్బంధ విమోచనాల శబ్దమే.

నేటి మేలిరకపు వాచీలలో అనేకం గంటకు 28,800 సార్లు, అనగా రోజుకు 6,91,200 సార్లు ఊగుతాయి. స్విట్జర్లాండులోని అధికార పరీక్షా సంస్థ ఒక్కొక్క యంత్రాన్ని 15 రోజులపాటు, 5 స్థితులలో, 3 ఉష్ణోగ్రతల వద్ద పరీక్షిస్తుంది. సగటున రోజుకు 4 సెకన్లకు మించి వెనుకబడకుండా, 6 సెకన్లకు మించి ముందుకు పోకుండా నడచిన దానికే క్రోనోమీటర్ అనే యోగ్యతాపత్రం లభిస్తుంది. రోజులో 86,400 సెకన్లు ఉన్నాయని గుర్తు చేసుకొంటే, 6 సెకన్ల తేడా అంటే 14,400 భాగాలలో ఒక భాగం మాత్రమే. విద్యుత్తు లేకుండా, కేవలం చక్రాలతోను స్ప్రింగులతోను సాధించిన ఈ నైపుణ్యం మెచ్చదగినది. ఇందులో విలువ లేదనడం అజ్ఞానమే అవుతుంది.

ఖరీదు న్యాయమైన కాలం

ఒకప్పుడు మంచి గడియారం ప్రాణరక్షణ సాధనం. సముద్రమధ్యంలో నావికునికి తన రేఖాంశం తెలియాలంటే బయలుదేరిన రేవులోని కాలం ఖచ్చితంగా తెలియాలి. ఇది తెలియక ఎన్నో ఓడలు రాళ్ళకు తగిలి మునిగిపోయాయి. అందుచేతనే బ్రిటిష్ పార్లమెంటు 1714లో 20,000 పౌన్ల వరకు బహుమానం ప్రకటించింది. 1675లో హైగెన్స్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు సర్పిలాకారపు స్ప్రింగును గడియారంలో ప్రవేశపెట్టి మార్గం సుగమం చేశాడు. వడ్రంగి కుమారుడైన జాన్ హారిసన్ జీవితమంతా శ్రమించి చేసిన గడియారం 1761లో జమైకాకు ఓడపై పయనించింది. 81 రోజుల ప్రయాణంలో దాని తప్పు దాదాపు 5 సెకన్లు మాత్రమే. అటువంటి గడియారానికి ఎంత ధర పెట్టినా అది అధికం కాదు. ఏలన, అది చేసే పనిని మరొక వస్తువు అంత సులువుగా చేయలేదు.

క్వార్ట్జ్ విప్లవం

1969 డిసెంబరు 25న జపానుకు చెందిన సీకో సంస్థ క్వార్ట్జ్ చేతి గడియారాన్ని విక్రయానికి పెట్టింది. క్వార్ట్జ్ అనే స్ఫటికానికి విద్యుత్తును అందిస్తే అది నియతంగా స్పందిస్తుంది. సెకనుకు 32,768 స్పందనలు గల స్ఫటికం నేడు సర్వసాధారణం. 32,768 అనే సంఖ్యను వరుసగా 15 సార్లు సగం చేస్తే సరిగా 1 వస్తుంది. కాబట్టి చిన్న ఎలక్ట్రానిక్ వలయమే సెకనును లెక్కించగలుగుతుంది. సాధారణమైన క్వార్ట్జ్ వాచీ నెలకు సుమారు 15 సెకన్లు తప్పుతుంది. యోగ్యతాపత్రం పొందిన యాంత్రిక గడియారం తన హద్దులలోనే ఉండి కూడా నెలకు 180 సెకన్లు ముందుకు పోవచ్చు.

విచిత్రమేమనగా, తొలి క్వార్ట్జ్ వాచీ ధర 4,50,000 యెన్లు. ఆనాటి చిన్న కారు వెలతో అది సమానం. అయితే విజ్ఞానం విస్తరించినకొద్దీ ఆ ధర వేగంగా దిగివచ్చింది. 1970 ప్రాంతంలో సుమారు 90,000 మందికి జీవనోపాధి కల్పించిన స్విస్ గడియారాల పరిశ్రమలో, 1980 దశకం మధ్యనాటికి మూడవ వంతు మంది మాత్రమే మిగిలారు. పని చేసే సాధనంగా యాంత్రిక గడియారం ఆనాడే ఓడిపోయింది. ఓడిన వస్తువు ధర తగ్గవలసి ఉండగా పెరగడమే మన పరిశీలనకు ముఖ్య విషయం.

ధరలు ఎందుకు పెరిగాయి?

1972లో ఆడెమార్ పిగే సంస్థ కేవలం ఉక్కుతో చేసిన వాచీకి దాదాపు 3,300 స్విస్ ఫ్రాంకుల ధర నిర్ణయించి అందరినీ ఆశ్చర్యపరచింది. లోహం వెల కాక రూపకల్పన వెల, పేరు వెల అనేవి అప్పటినుండి బలపడ్డాయి. రోలెక్స్ వారి సబ్‌మెరీనర్ అనే వాచీ 1950 దశకంలో అమెరికాలో సుమారు 150 డాలర్లకు లభించేది. సాధారణ ధరల పెరుగుదలను మాత్రమే లెక్కిస్తే 2020 నాటికి అది 1,400 డాలర్ల ప్రాంతంలో ఉండాలి. కాని ఆ సంవత్సరం విడుదలైన కొత్త నమూనా ధర 8,100 డాలర్లు. యంత్రం మెరుగుపడిన మాట నిజమే. కాని ఆరు రెట్ల తేడాను ఆ మెరుగుదల ఒక్కటే సమర్థించజాలదు.

ఈ పెరుగుదలకు కారణాలు రెండు విధాలు. మొదటివి న్యాయమైనవి: నిపుణుల వేతనాలు, బంగారం ధర, బలపడిన స్విస్ ఫ్రాంకు, దిగుమతి సుంకాలు. 2025 ఆగస్టులో అమెరికా స్విస్ సరకులపై 39 శాతం సుంకం విధించి, నవంబరులో కుదిరిన అంగీకారం ప్రకారం 15 శాతానికి దించడానికి ఒప్పుకొన్నది. ఇటువంటి మార్పులు ధరలను కదిలించకమానవు. రెండవవి వస్తువు లోపల లేని కారణాలు: సరఫరాను పరిమితం చేయడం, కొనేవారిని వరుసలో నిలబెట్టడం, పేరు ప్రతిష్ఠలను అమ్మడం. సామాన్యంగా ధర పెరిగితే గిరాకీ తగ్గుతుంది. కాని కొన్ని వస్తువుల విషయంలో అధిక ధరయే ఆకర్షణ అని అమెరికా పండితుడు థార్స్టీన్ వెబ్లెన్ 1899లోనే వివరించాడు. నలుగురూ చూడాలని చేసే ఖర్చు అది. మణికట్టుకంటె నలుగురికీ కనబడే స్థానం మరేది కలదు?

పెట్టుబడి అనే భ్రమ

వాచీ కొనడం బంగారం కొనడం వంటిదని కొందరు యువకులు భావిస్తున్నారు. 2017లో నటుడు పాల్ న్యూమన్ ధరించిన వాచీ న్యూయార్కు వేలంలో 1 కోటి 77 లక్షల డాలర్లు పలికిన మాట వాస్తవమే. కాని అక్కడ అమ్ముడైనది ఒక మహానటుని జ్ఞాపకం. పటేక్ ఫిలిప్ వారి నాటిలస్ అనే ఉక్కు వాచీ దుకాణపు ధర 2021లో సుమారు 35,000 డాలర్లు ఉండేది. 2021లో దాని తయారీని నిలిపివేస్తున్నట్లు ప్రకటించగానే చేతులు మారే అంగడిలో అది లక్ష డాలర్లు దాటింది. 2022 వసంతకాలం తరువాత అదే అంగడిలో ధరలు గణనీయంగా పడిపోయాయి. శిఖరం మీద కొన్నవారు నష్టపోయారు. పెరిగినవి కొన్ని పేర్లు మాత్రమే. తక్కిన అనేక వాచీలు దుకాణం గడప దాటగానే వెల కోల్పోతాయి. ఆపైన కొన్నేళ్ళకొకసారి విప్పి, శుభ్రపరచి, నూనె వేయించే ఖర్చు ఉండనే ఉన్నది. భూమి పంటనిస్తుంది, బ్యాంకు వడ్డీనిస్తుంది. వాచీ యజమానివద్దనే ఖర్చు కోరుతుంది.

మన దేశపు పాఠం

మన దేశంలో హిందుస్థాన్ మెషీన్ టూల్స్ సంస్థ 1961లో జపాను సిటిజన్ సంస్థ సహకారంతో బెంగుళూరులో గడియారాల కర్మాగారం నెలకొల్పింది. దాని జనతా వాచీలో 17 కెంపురాళ్ళు. అది గంటకు 18,000 సార్లు ఊగేది. లక్షల రూపాయల వాచీలో పనిచేసే సూత్రమే దానిలోను పనిచేసింది. ఉద్యోగంలో చేరిన గుమాస్తా, పరీక్ష గెలిచిన విద్యార్థి దానిని గర్వంగా ధరించారు. క్వార్ట్జ్ పోటీకి తట్టుకోలేక ఆ సంస్థ నష్టాలలో పడగా, 2016లో కేంద్ర ప్రభుత్వం దాని గడియారాల విభాగాన్ని మూసివేయ నిర్ణయించింది. యాంత్రిక నైపుణ్యాన్ని ఆస్వాదించడానికి ధనరాశి అవసరం లేదని ఆ చిన్న వాచీ నేటికీ చాటుతున్నది.

ముగింపు

పై విచారణ వలన తేలే విషయం ఇది. యాంత్రిక గడియారం యందు శాస్త్రం ఉన్నది, చరిత్ర ఉన్నది, మానవుని చేతి పనితనం ఉన్నది. వీటికి చెల్లించే మూల్యం న్యాయమైనదే. కాని ఇటీవల పెరిగిన వెలలో అధికభాగం వీటికి చెందినది కాదు. కొరతకూ పేరుకూ చెందినది. స్తోమత కలవాడు ఆ సంగతి తెలిసి తన ముచ్చట కోసం కొంటే తప్పు పట్టనక్కరలేదు. కాని తండ్రి కూడబెట్టిన సొమ్ముతోనో, వాయిదాల అప్పుతోనో, రేపు లాభం వస్తుందనే ఆశతోనో కొనేవాడు గడియారాన్ని కాక ఇతరుల అభిప్రాయాన్ని కొంటున్నాడు. ఆ అభిప్రాయం మారిన నాడు అతనికి మిగిలేది ముళ్ళూ చక్రాలే.

విద్యార్థులారా! ఏ వస్తువు ముందు నిలిచినా, దీని వెలలో పనితనం పాలెంత, పేరు పాలెంత అని ప్రశ్నించడం అలవరచుకొనండి. రోజుకు 86,400 సెకన్లు ధనికునికీ పేదకూ సమానంగానే లభిస్తున్నాయి. వాటిని చూపే సాధనానికి వెల కట్టవచ్చు. వాటి వినియోగం మాత్రం మన చేతిలోనే ఉన్నది.