డాబా మీద ఎండ, చేతిలో బిల్లు

మొన్న ఒక అక్క కేంద్రానికి కరెంటు బిల్లు తెచ్చింది.

"టీచరమ్మా, ఇన్నాళ్లూ దీన్ని మా ఆయనే చదివేవాడు. ఇవాళ నేనే చదివాను. 225 యూనిట్లు! ఇంత డబ్బు ఎలా అయ్యింది?" అంది.

ఆమె ఇంటికి ఒకాయన వచ్చాడట. డాబా మీద సోలారు పలకలు పెట్టించుకోండి, సంఘంలో అప్పు తీసుకోండి అన్నాడట. తీసుకోవాలా, వద్దా? అందరం కూర్చుని లెక్క వేశాం.

కొట్లో సరుకు ఎక్కువ కొంటే ధర తగ్గిస్తారు. కరెంటు అలా కాదు. ఎక్కువ వాడేకొద్దీ యూనిటు ధర పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఇళ్లకు పెట్టిన ధరలు చూడండి. మొదటి 30 యూనిట్లకు ఒక్కోటి 1 రూపాయి 90 పైసలు. ఆపైన 75 దాకా 3 రూపాయలు. 125 దాకా 4 రూపాయల 50 పైసలు. 225 దాకా 6 రూపాయలు. అది దాటితే 400 దాకా 8 రూపాయల 75 పైసలు.

అక్క వాడిన 225 యూనిట్లకు 1,017 రూపాయలు అయ్యింది. సుంకం, సర్దుబాటు ఛార్జీ వేరే. సర్దుబాటు అంటే ఏమిటి? కరెంటు కొన్న ఖర్చు అనుకున్నదానికన్నా పెరిగితే, ఆ తేడాను తర్వాత మన బిల్లులో కలుపుతారు. వాడకం పెరగకపోయినా బిల్లు పెరిగిందంటే ఒక్కోసారి కారణం ఇదే.

ఇక సోలారు సంగతి. పలక మీద ఎండ పడితే కరెంటు పుడుతుంది. 1 కిలోవాటు పలకలు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. నెలకు 120 అనుకుందాం. మబ్బు పడితే తగ్గుతుంది. పగలు మనం వాడగా మిగిలింది లైనులోకి పోతుంది. రాత్రి లైను నుంచి మనం తీసుకుంటాం. రెండూ లెక్కపెట్టే మీటరును నెట్ మీటరు అంటారు.

225 లో 120 పోతే 105. దానికి 327 రూపాయలు. అంటే నెలకు 690 రూపాయలు మిగులు! తగ్గినవి ఎక్కువగా 6 రూపాయల యూనిట్లే. అందుకే అంత మిగిలింది. రేపు ధర పెంచినా ఆ 120 యూనిట్ల మీద పెంపు మనకు తగలదు.

1 కిలోవాటుకు 65 వేలు అడిగారనుకుందాం. 2024లో మొదలైన సూర్యఘర్ పథకంలో 30 వేలు సబ్సిడీ వస్తుంది. మన ఖర్చు 35 వేలు. నాలుగేళ్లు దాటేసరికి తీరుతుంది. వడ్డీ ఉంటే ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. పలకలు 25 ఏళ్లు పనిచేస్తాయి.

ఇది విని ఒక పిన్ని, "అయితే నేనూ పెట్టిస్తా" అంది. ఆమె వాడేది 75 యూనిట్లు. దానికి 192 రూపాయలు. 35 వేలు తీరాలంటే 15 ఏళ్లు! "నీకు వద్దు పిన్నీ" అన్నాను. ఆమెకు కొంచెం కోపం వచ్చింది. కానీ లెక్క లెక్కే.

తెలంగాణలో 2024లో గృహజ్యోతి పథకం వచ్చింది. తెల్లకార్డు ఉండి 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు బిల్లు లేదు. ఆ ఇళ్లవాళ్లకూ తొందర అక్కర్లేదు.

వచ్చినాయన చెప్పని మాటలు కొన్ని ఉన్నాయి. బ్యాటరీ లేని సోలారు కరెంటు పోయినప్పుడు పనిచేయదు. లైను మీద పనిచేసేవాళ్లకు షాకు కొట్టకుండా అదే ఆగిపోతుంది. ఫ్యాను తిరుగుతుందని ఆశ పెట్టుకోకండి. సబ్సిడీ ముందు రాదు. పలకలు బిగించి, అధికారులు చూసి వెళ్లాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంతవరకు 65 వేలూ మనమే సర్దాలి. సోలారుకు బ్యాంకులు తనఖా లేకుండా అప్పు ఇస్తాయి. ఆ వడ్డీ ఎంత, సంఘం వడ్డీ ఎంత అడిగి చూడండి. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

చోటు కూడా చూసుకోవాలి. 1 కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. కొబ్బరిచెట్టు నీడ పడితే కరెంటు తగ్గుతుంది. పలకల మీద దుమ్మును పొద్దున్నే నీళ్లతో కడగాలి. "మరి వడియాలు ఎక్కడ ఎండబెట్టాలి?" అని ఒక వదిన అడిగింది. అందరం నవ్వాం. కానీ మంచి ప్రశ్నే. బిగించకముందే ఆ మూల వదిలిపెట్టమని చెప్పాలి.

అక్క ఇంకా సంతకం పెట్టలేదు. వచ్చే వారం బ్యాంకుకు వెళ్తానంది.

చేసి చూడండి:
మీ కరెంటు బిల్లు తీసుకోండి. అది ఎవరి పేరున ఉంది? ఎన్ని యూనిట్లు వాడారు? చివరి యూనిటు ధర ఎంత పడింది? పలకలో రాయండి.