సన్నని కడ్డీ మీద పొడుగు మర: టేపరును దిద్దడం ఎలా?

మన కాలేజీ వర్క్‌షాపులో మొదటి సంవత్సరం అందరం ఒక మర కోసే ఉంటాం. జానెడు కడ్డీ, బొటనవేలంత లావు, దాని మీద అంగుళంన్నర మర. నట్టు ఎక్కితే మార్కులు, ఎక్కకపోతే పక్కవాడి జాబు తెచ్చి చూపించడం! (ఈ రెండో పద్ధతి అధ్యాపకులకు తెలియదనుకోవడం మన అమాయకత్వం.) ఆ పొట్టి కడ్డీ మనకొక అబద్ధం నేర్పుతుంది. టూలు పొమ్మన్న చోటికి పోతుందనీ, కడ్డీ కదలకుండా నిలబడి కోయించుకుంటుందనీ మనం నమ్మేస్తాం. అది అబద్ధమని నాకు తెలిసింది మూడో సంవత్సరం పరీక్షలయ్యాక, వేసవి సెలవుల్లో, ఉస్మాన్‌గంజ్‌లో.

ఉస్మాన్‌గంజ్ అనగానే టోకు బేరాలు, తోపుడు బండ్లు, హమాలీల కేకలు గుర్తుకొస్తాయి. ఆ సందడి వెనకాల ఓ సందులో మా చిన్నాయన వర్క్‌షాపు ఉంది. రెండు పాత ఖరాదు మిషన్లు, ఒక డ్రిల్లింగు మిషను, అప్పుచేసి కొన్న ఒక సెకండ్‌హాండ్ సి.ఎన్.సి. లేతు. పాత మిషన్ల మీద ఉస్తాద్ పనిచేస్తాడు. ఆయన కవాడిగూడలో 1943లో మొదలైన ప్రాగా టూల్స్ వంటి కార్ఖానాలు ఈ ఊరికి ఖరాదు పని నేర్పిన కాలం మనిషి. సి.ఎన్.సి. లేతు మాత్రం, మెకానికల్ చదువుతున్నాను గనుక, సెలవుల్లో నా వశమయింది.

వచ్చిన పని ఏమిటంటే, నోటుపుస్తకాలు తయారుచేసేవారి కాగితం కోత మిషన్లకు ఎనిమిది స్క్రూలు. కోత మిషను వెనక ఒక అడ్డుపలక ఉంటుంది. ముందున్న చక్రం తిప్పితే స్క్రూ తిరిగి ఆ పలకను ముందుకు నెడుతుంది. కాగితం దొంతర ఎంత వెడల్పున తెగాలో అదే నిర్ణయిస్తుంది. (మీ చేతిలోని ఈ సంచిక అంచులు సమంగా ఉన్నాయంటే ఎక్కడో ఒక స్క్రూ తన పని సరిగ్గా చేసిందన్నమాట.) స్క్రూ 20 మి.మీ. వ్యాసం, 4 మి.మీ. పిచ్, ట్రెపిజాయిడల్ మర. చక్ నుంచి టెయిల్‌స్టాక్ సెంటరు దాకా 480 మి.మీ. పొడవు. అంటే లావుకు 24 రెట్లు! జూన్‌లో బడులు తెరిచేలోగా ఇవ్వాలి. చిన్నాయన అడ్వాన్సు తీసుకున్నాడు, ఆ డబ్బు అప్పటికే కడ్డీలకూ కంచు నట్లకూ అయిపోయింది.

మొదటి స్క్రూ కోశాను. 60 మి.మీ. పొడవున్న నట్టు టెయిల్‌స్టాక్ వైపు నుంచి హాయిగా ఎక్కింది. పోను పోను బిగిసి, సగంలోపే ఆగిపోయింది. నేను వెంటనే మర మీద మూడు తీగల పద్ధతిలో కొలిచాను. తీగలు లేకపోతే ఒకే సైజు డ్రిల్లు బిట్ల నున్నటి కాడలు మూడు చాలు. ఈ మరకు ఆదర్శమైన తీగ 2.07 మి.మీ. అని లెక్క వస్తుంది. కానీ ఒక చోటుతో మరో చోటును పోల్చడానికి 2 మి.మీ. కాడలైనా పనికొస్తాయి, అన్నిచోట్లా అవే వాడితే సరి. సెంటరు నుంచి 20 మి.మీ. దూరంలో కొలత సరిగ్గా ఉంది. నట్టు ఆగిన 200 మి.మీ. దగ్గర 0.17 మి.మీ. ఎక్కువ. ఇంకేం, టేపరు! చక్ వైపు పోయేకొద్దీ లావెక్కుతోంది, ప్రోగ్రాములో ఎదురు టేపరు పెడితే సరి అనుకున్నాను.

ఫానుక్ కంట్రోలులో జి76 సైకిలుకు ‘ఆర్’ అనే అంకె ఉంటుంది. మర మొదలయ్యేచోట వ్యాసార్ధంలోంచి ముగిసేచోట వ్యాసార్ధం తీసేస్తే వచ్చేది అది. మొదలు సన్నంగా ఉండాలంటే మైనస్, లావుగా ఉండాలంటే ప్లస్. ఇక్కడ రెండు పొరపాట్లు మనవాళ్లు తరచూ చేస్తారు. ఒకటి, వ్యాసంలో కొలిచిన తేడాను సగం చేయకుండా పెట్టడం. రెండోది, టూలు కడ్డీని తాకకముందు గాలిలో పరుగెత్తే దూరాన్ని మరిచిపోవడం. ఆర్ లెక్క మర పొడవుకు మాత్రమే కాదు, టూలు ప్రయాణం మొత్తానికి వేయాలి. నేను రెండూ మరువలేదు. 180 మి.మీ.లో వ్యాసార్ధం తేడా 0.085; గాలి పరుగు 8తో కలిపి 428 మి.మీ.కు 0.2. ప్లస్ 0.2 పెట్టి రెండో కడ్డీ కోశాను. లెక్కలో తప్పు లేదు గనుక నిబ్బరంగా టీ తాగి వచ్చాను.

నట్టు 200 మి.మీ. దాకా వెన్నలా పోయింది. ఆ తర్వాత వదులవుతూ వచ్చి, చక్ వైపు చివర గిలకలా ఊగింది. కొలిస్తే అక్కడ 0.36 మి.మీ. సన్నం! రెండు కడ్డీలు పాడు. చిన్నాయన ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఉస్తాద్ తన మిషను ఆపి వచ్చాడు. మొదటి స్క్రూ చేతిలోకి తీసుకుని, “బేటా, ఎన్ని జాగల కొలిచినవ్?” అన్నాడు.

“రెండు చోట్ల, ఉస్తాద్.”

“రెండు జాగల కొలిస్తే ప్రతిదీ టేపరే. ఐదు జాగల కొలువు.”

కొలిచాను. సెంటరు నుంచి 20 మి.మీ. దగ్గర సున్న, 120 దగ్గర 0.12, 200 దగ్గర 0.17, 330 దగ్గర 0.08, 410 దగ్గర 0.01 ఎక్కువ. టేపరు ఎక్కడుంది? కడ్డీకి పొట్ట వచ్చింది! నేను పొట్టలో సగం చూసి, దాన్ని వాలు అనుకుని, రెండో సగాన్ని కూడా అదే వాలుతో చెక్కేశాను.

సోదర విద్యార్థులారా, మనం బలపదార్థ శాస్త్రంలో బీముల పాఠం బట్టీపట్టి పరీక్ష రాసి మరిచిపోయాం కదా, ఇదే ఆ పాఠం. చక్ పట్టుకున్న చివర బిగించిన చివర. సెంటరు ఆనిన చివర ఆధారం మాత్రమే. టూలు కడ్డీని అడ్డంగా నెడుతుంది, కడ్డీ వంగి తప్పుకుంటుంది, తప్పుకున్న మేరకు మెటలు మిగిలిపోతుంది. చక్ దగ్గరా సెంటరు దగ్గరా తప్పుకోలేదు గనుక అక్కడ కొలత సరిగ్గా వస్తుంది. 20 మి.మీ. ఉక్కు కడ్డీ, 480 మి.మీ. పొడవు, నడుమ 100 న్యూటన్ల తోపు అనుకుంటే వంగేది 0.06 మి.మీ. పైన, వ్యాసంలో దానికి రెట్టింపు. టూలు వెంట బలం కదులుతూ ఉంటే పొట్ట సరిగ్గా నడుమ రాదు, సెంటరు వైపు నుంచి పొడవులో 0.41వ వంతు దగ్గర వస్తుంది. 480కి అది దాదాపు 200 మి.మీ. నట్టు ఆగింది అక్కడే! పుస్తకంలోని సూత్రం ఉస్మాన్‌గంజ్ సందులో కనబడ్డప్పుడు కలిగిన సంతోషం, పాడైన కడ్డీల వల్ల పైకి చూపించలేకపోయాను.

ఇంకో సంగతి మన పుస్తకాల్లో ఎక్కడా చెప్పగా వినలేదు. మర లోతయ్యేకొద్దీ కడ్డీ బలహీనమవుతుంది. 20 మి.మీ. కడ్డీ మర అడుగుకు వచ్చేసరికి 15.5 మి.మీ. మిగులుతుంది. బిగువు వ్యాసం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది గనుక, అడుగు వ్యాసాన్ని మాత్రమే లెక్కిస్తే మొదటి బిగువులో 36 శాతమే. చివరి కోతలు, అంటే కొలతను నిర్ణయించే కోతలు, కడ్డీ అతి బలహీనంగా ఉన్నప్పుడు జరుగుతాయన్నమాట!

టెయిల్‌స్టాక్ అసలు వాడకపోతే? అప్పుడు నిజంగానే టేపరు వస్తుంది, చక్‌కు దూరమైన చివర లావుగా. అదే తోపుకు ఆ చివర వంగడం సెంటరు పెట్టిన కడ్డీ నడుమ వంగేదానికి 36 రెట్లకు పైన. పొట్టి పనుల్లో అది చిన్నదే అయితే మైనస్ ఆర్‌తో దిద్దుకోవచ్చు. టెయిల్‌స్టాక్ లైనులో లేకపోయినా టేపరు వస్తుంది. మరి ఏది ఏదో తెలిసేదెలా? సన్నని కోత ఒకటి, లోతైన కోత ఒకటి నున్నటి కడ్డీ మీద వేసి కొలవండి. కోత లోతు మార్చినా తేడా మారకపోతే దోషం మిషను లైనుది. లోతుతోపాటు పెరిగితే కడ్డీ వంగడమే.

ఉస్తాద్ పాత ఖరాదు మీద ఈ గొడవ లేదు. ట్రావెలింగ్ స్టెడీ అని, ఇత్తడి దవడలు రెండు టూలుతోపాటే నడుస్తూ కడ్డీని వెనకనుంచి ఆనుతాయి. మా సి.ఎన్.సి.లో దానికి చోటు లేదు. పోనీ పాత మిషను మీదే కోద్దామంటే దాని లీడ్‌స్క్రూ అరిగి పిచ్ తప్పుతోంది. కనుక ఉన్నదానితోనే దారి వెతికాం.

ముందు టెయిల్‌స్టాక్‌ను డయలు గేజీతో చూసి లైను సరిచేశాం. తర్వాత తోపు తగ్గించే పని. టూలును నేరుగా లోపలికి దింపితే రెండు పక్కలూ ఒకేసారి కోస్తాయి, తోపు ఎక్కువ. మర వాలు వెంబడి ఒక పక్కగా దింపితే తగ్గుతుంది. ఇన్సర్టు కొత్తది, పదునైనది పెట్టాం. చివరి కోతలు పలుచన చేశాం. ఖాళీ కోతలు రెండు చాలు. ఇంకా ఇంకా తిప్పితే టూలు కోయడం మాని రుద్దుతుంది.

వేడి సంగతి ఉస్తాద్ చెప్పాడు. కోతలో కడ్డీ 20 డిగ్రీలు వేడెక్కితే 480 మి.మీ.కు 0.11 మి.మీ. సాగుతుంది. సెంటరు బిగించి ఉంటే ఆ సాగుదలకు పోయే చోటు లేక కడ్డీ విల్లులా వంగుతుంది. అందుకని లోతు కోతలయ్యాక మిషను ఆపి, చల్లారనిచ్చి, సెంటరు వదిలి మళ్లీ తేలిగ్గా ఆనించి చివరి కోతలు వేశాం. మేలో ఆ రేకుల షెడ్డులో ‘చల్లారడం’ అనే మాటకు అర్థం వెతుక్కోవాలనుకోండి!

ఇంత చేశాక మూడో కడ్డీకి పొట్ట 0.06 మి.మీ.కు దిగింది. ఇప్పుడు ప్రోగ్రాముతో దిద్దుబాటు. పొట్టను ఒక్క ఆర్ దిద్దలేదు. అందుకని చివరి కోతలకు జి76 వదిలి జి32 రెండు వరసలు వెంటవెంట రాశాను. మొదటి వరస 200 మి.మీ. దాకా కొంచెం లోపలికి, రెండోది అక్కడినుంచి చివరదాకా మళ్లీ బయటికి. మధ్యలో వేరే ఆజ్ఞ లేకుండా, పిచ్ ఒకటే ఉంచి వరుసగా రాస్తే కంట్రోలు మర తెంపకుండా కోసుకుపోతుంది. 0.06 లోపలికి పెడితే 0.045 మాత్రమే తగ్గింది. ఎందుకంటే లోతుగా కోయబోతే తోపు పెరిగి కడ్డీ మరికాస్త తప్పుకుంటుంది. 0.08 పెడితే సరిపోయింది. వంపును రెండు గీతలతో అచ్చంగా దిద్దలేం గనుక అక్కడక్కడ 0.01, 0.02 మిగిలింది. దాన్ని ఉస్తాద్, చీల్చిన పోతయినుము నట్టుకు గ్రైండింగు పేస్టు రాసి, బిగువున్నచోట ముందుకీ వెనక్కీ నడిపి తీసేశాడు. (ఆ పేస్టు పొరపాటున కూడా కంచు నట్టుకు తగలకూడదు. మెత్తటి కంచులో రేణువులు దిగబడి స్క్రూను జీవితాంతం తింటూనే ఉంటాయి.)

ఇలా పొడుగు నట్టుతో మరను సరిచూసుకోవడం పాత విద్యే. లండనులో హెన్రీ మాడ్‌స్లే 5 అడుగుల పొడవు, 2 అంగుళాల లావు స్క్రూను అంగుళానికి 50 చుట్లతో కోసి, దానికి 12 అంగుళాల నట్టు చేశాడు. ఆ నట్టులో 600 చుట్లు! ఆయన మర కోసే లేతును మెరుగుపరిచింది 1800 ప్రాంతంలో. ఆ పొడవుకు ఆయన స్క్రూ లావుకు 30 రెట్లు. మాది 24 రెట్లే అని ఉస్తాద్‌తో అంటే, “ఆయన దగ్గర కంప్యూటర్ లేకుండె కదా, అందుకే ఐదు జాగల కొలిచి ఉంటడు,” అన్నాడు.

ఆరు స్క్రూలు గడువులోపే ఇచ్చాం. మిగతా రెంటికి చిన్నాయన తన డబ్బుతో కడ్డీలు తెచ్చాడు, అవి వారం ఆలస్యమయ్యాయి. పాడైన రెండూ ఇప్పటికీ అలమర మీదున్నాయి. పొట్ట వచ్చినదాని మీద ఐదు చోట్లా కొలతలు ఉలితో గీసి ఉంచాను. వర్క్‌షాపుకు ఎవరైనా కొత్త కుర్రాడు వస్తే ఉస్తాద్ ముందు ఆ స్క్రూనూ నట్టునూ చేతికిచ్చి, ఎక్కడ ఆగుతుందో చూడమంటాడు.