చెర విడిచిన సహోదరునికి చేతిపని

చదువవలసిన భాగము: ఫిలేమోను 10–19

పౌలు ఒనేసిము గతమును దాచలేదు. అతనివలన నష్టమేమైనా కలిగియుంటే దానికి తానే పూచీ పడెను. నిజము చెప్పుట, పూచీ పడుట: ఈ రెండును నేటికిని అవసరమే.

సేలం జైలునుండి గాని వేలూరు జైలునుండి గాని విడుదలై హోసూరు, కృష్ణగిరికి వచ్చిన సహోదరుడు పని ఎక్కడ వెదకవలెను? సిప్కాట్‌లోని పెద్ద ఫ్యాక్టరీలలో మొదట కాగితములు చూతురు. చిన్న లేత్ షాపులో, వెల్డింగ్ షాపులో మొదట చేతిపని చూతురు. అక్కడ మొదలుపెట్టుట మేలు. ఫిట్టరు, టర్నరుగా ఐ.టి.ఐ. సర్టిఫికెట్ ఉన్నవాడు దానిని వెంట తీసికొని వెళ్లవలెను. పని తెలియనివాడు 1961 నాటి అప్రెంటిస్ చట్టము క్రింద స్టైపెండుతో నేర్చుకొనుటకు ప్రయత్నింపవచ్చును.

దరఖాస్తులో కేసు సంగతి అడిగితే దాచకూడదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అడిగిన సమాచారము నిజముగా ఇవ్వవలెనని చెప్పెను. అయితే నిజము చెప్పినను, గతమును బట్టి ఆలోచించు హక్కు యజమానికి ఉన్నదనియు చెప్పెను. కనుకనే పూచీ పడువాడు కావలెను. మీ సంఘములో ఫోర్‌మన్, మేస్త్రీ, కాంట్రాక్టరు ఎవరైనా ఉన్నారా? "ఇతనిని నేనెరుగుదును" అని వారు వెంట వెళ్లి చెప్పు మాట పది దరఖాస్తులకంటె బలమైనది.

ఆలోచించుడి: ఆదివారము అతనికి చేయి కలుపుదుము. సోమవారము అతని వెంట వెళ్లువారెవరు?